డెబియన్‌లో వైఫై కనపడకపోతే: ముందు కార్డు ఏ చిప్‌దో తెలుసుకోండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. 2014 ప్రాంతంలో కొన్న ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి డెబియన్ 12 (లైనక్స్‌లో ఒక రకం) వేశారు. డెస్క్‌టాప్ వచ్చింది, సౌండ్ వస్తోంది, ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెడితే ఇంటర్నెట్ కూడా వస్తోంది. వైఫై మాత్రం లేదు, మెనూలో ఆ గుర్తే కనపడటం లేదు. వీడియోలు చూసి ఏవేవో ప్యాకేజీలు వేశారు, కొన్ని ఫైళ్లలో బ్లాక్‌లిస్ట్ అని (ఫలానా డ్రైవర్‌ను లేపొద్దని చెప్పే) లైన్లు కూడా రాశారు. కార్డు పాడైందా, కొత్తది కొనాలా, లేక ఫ్రీబీఎస్‌డీ (లైనక్స్ లాంటి ఇంకో సిస్టం) వేస్తే వస్తుందా అని అడిగారు. దాంతోపాటు ఒక లైను కాపీ చేసి పెట్టారు: బ్రాడ్‌కామ్ బీసీఎం43142, ఐడీ 14ఈ4:4365.

ఆ ఒక్క లైను పెట్టి చాలా మంచి పని చేశారు. సగం జవాబు అందులోనే ఉంది. మీ కార్డు పాడవలేదు. పాడైన కార్డు ఆ లైను వచ్చే పరికరాల జాబితాలో సాధారణంగా కనపడదు. దానికి కావాల్సిన డ్రైవర్ (కార్డును నడిపే ప్రోగ్రాం) లైనక్స్ కెర్నల్‌లో, అంటే సిస్టం గుండెకాయలో, లేదు, విడిగా వేసుకోవాలి. డెబియన్ 12 దాన్ని తనంతట తాను వేయదు. టెన్షన్ పడకండి, కొనాల్సింది ఏమీ లేదు.

కమాండ్ల పేర్లను పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో టైప్ చేసేటప్పుడు అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి, నెట్‌వర్క్‌మేనేజర్ అనే పేరులో మాత్రం ఎన్, ఎం పెద్ద అక్షరాలు. ఇదే ఇబ్బంది వేరే కార్డులతో పడుతున్న వాళ్లకు కూడా పనికొచ్చేలా కాస్త వివరంగా చెబుతాను.

ఇంట్లో కరెంటు పోతే ముందు వీధిలో ఉందా అని చూస్తాం, తర్వాత మెయిన్, తర్వాత ఫ్యూజు, ఆఖరున బల్బు. వైఫైకి కూడా అలాగే ఒక వరస ఉంది. కార్డు మదర్‌బోర్డుకు కనపడుతోందా? దానికి డ్రైవర్ పట్టుకుందా? డ్రైవర్‌కు ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రాం) దొరికిందా? రేడియో ఆపేసి ఉందా? కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్ అనే ప్రోగ్రాం దాన్ని తన చేతిలోకి తీసుకుందా? ఐపీ అడ్రస్ వచ్చిందా? పేర్లు అడ్రస్‌లుగా మారుతున్నాయా? ఈ వరసలో ఎక్కడ తెగిందో తెలియకుండా ఎవరో చెప్పిన కమాండ్ కొడితే అది వేరే మెట్టు దగ్గర పనిచేసే కమాండ్ అయి ఉంటుంది. అప్పుడు పాత సమస్య అలాగే ఉంటుంది, కొత్తది ఒకటి తోడవుతుంది.

మొదటి రెండు ప్రశ్నలకు ఒకే కమాండ్ జవాబు చెబుతుంది. ఎల్‌ఎస్‌పీసీఐ అని కొట్టి, ఖాళీ వదిలి, డాష్ పెట్టి, ఎన్ రెండుసార్లు, కే ఒకసారి కొట్టండి. పొడుగ్గా జాబితా వస్తుంది. అందులో నెట్‌వర్క్ కంట్రోలర్ అని మొదలయ్యే చోటు చూడండి. కేబుల్ పోర్టు అయితే ఈథర్‌నెట్ కంట్రోలర్ అని వేరేగా ఉంటుంది, రెండూ కలపకండి. ఆ లైను చివర చదరపు బ్రాకెట్లలో నాలుగు అంకెలు, కోలన్, మళ్లీ నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి నాలుగు తయారీదారు, తర్వాతి నాలుగు చిప్. 8086 అంటే ఇంటెల్, 14ఈ4 బ్రాడ్‌కామ్, 10ఈసీ రియల్‌టెక్, 168సీ ఎథిరాస్, 14సీ3 మీడియాటెక్. ల్యాప్‌టాప్ మోడల్ పేరు పెట్టి వెతకడం కన్నా ఈ ఎనిమిది అంకెలు పెట్టి వెతకడం ఎంతో మేలు. ఒకే మోడల్ ల్యాప్‌టాప్‌లో ఒక బ్యాచ్‌కి ఒక కంపెనీ కార్డు, ఇంకో బ్యాచ్‌కి మరో కంపెనీ కార్డు ఉండటం మామూలే. మీరు చూసిన వీడియోలో అతని ల్యాప్‌టాప్ మీ మోడలే అయినా, అతని కార్డు మీ కార్డు లాంటిది కాకపోవచ్చు.

ఆ లైను కింద కాస్త లోపలికి జరిపి ఇంకో రెండు లైన్లు ఉంటాయి. కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్ అని ఒకటి, కెర్నల్ మాడ్యూల్స్ అని ఒకటి. మొదటిది ఉంటే డ్రైవర్ కార్డును పట్టుకున్నట్టు. అది లేకుండా రెండోది ఒక్కటే ఉంటే, పట్టుకోగల మాడ్యూల్ (డ్రైవర్ ఫైల్) ఉంది కానీ ఏదో అడ్డుపడుతోంది. రెండూ లేకపోతే డ్రైవరే లేదు. మీ చిప్ దగ్గర ఒక మెలిక ఉంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో డ్రైవర్ ఇన్ యూజ్ దగ్గర బీసీఎంఏ-పీసీఐ-బ్రిడ్జ్ అని కనపడుతుంది. అది చూసి డ్రైవర్ ఉందనుకోకండి. అది బ్రాడ్‌కామ్ చిప్ లోపలి బస్సుకు (భాగాలను కలిపే దారికి) వంతెన మాత్రమే, వైఫై నడిపే డ్రైవర్ కాదు. పైగా అది కార్డును పట్టుకుని కూర్చుంటే అసలు డ్రైవర్‌కు చోటు దొరకదు.

బ్రాడ్‌కామ్ విషయంలో ఇంత గందరగోళం ఎందుకంటే ఆ పేరు మీద డ్రైవర్లు చాలా ఉన్నాయి. పాత చిప్‌లకు బీ43 అని ఒకటి ఉంది. కంపెనీ వివరాలు ఇవ్వకపోతే బయటి డెవలపర్లు చిప్ ప్రవర్తనను గమనించి కష్టపడి రాసింది అది. తర్వాత 2010 సెప్టెంబర్‌లో బ్రాడ్‌కామ్ స్వయంగా కొన్ని చిప్‌లకు ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఇచ్చింది. అందులోంచి వచ్చినవే బీఆర్‌సీఎంఎస్‌మ్యాక్, బీఆర్‌సీఎంఎఫ్‌మ్యాక్. ఉదాహరణకు 14ఈ4:4727, అంటే బీసీఎం4313, బీఆర్‌సీఎంఎస్‌మ్యాక్‌తో నడుస్తుంది. 14ఈ4:4315, అంటే బీసీఎం4312, బీ43తో నడుస్తుంది. మీ 4365 వీటిలో దేనితోనూ నడవదు. దానికి దారి ఒక్కటే: బ్రాడ్‌కామ్ సోర్స్ కోడ్ పూర్తిగా బయటపెట్టకుండా ఇచ్చిన డబ్ల్యూఎల్ అనే డ్రైవర్. దాని చివరి వెర్షన్ 6.30.223.271, 2015 నాటిది. ఆ తర్వాత కంపెనీ దాన్ని ముట్టుకోలేదు. కెర్నల్ మారినప్పుడల్లా డెబియన్, ఉబుంటు, ఆర్చ్ వాళ్లు ప్యాచ్‌లు వేస్తూ నెట్టుకొస్తున్నారు. ఆ నిర్వాహకుల ఓపిక వల్లే మీ ల్యాప్‌టాప్ ఇవాళ్టికీ పనికొస్తోంది.

ఇక మీరు అడగని కానీ మీ మనసులో ఉండే సందేహం: డెబియన్ 12 ఇన్‌స్టాలర్‌లోనే ఫర్మ్‌వేర్ అంతా వస్తుందన్నారు కదా, మరి ఇది ఎందుకు రాలేదు? నిజమే, 2022లో డెబియన్ డెవలపర్లు ఓటింగ్ పెట్టుకుని ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చాలని తీర్మానించారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది అమల్లో ఉంది. దానికోసం నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అని కొత్త విభాగం పెట్టారు. కానీ ఫర్మ్‌వేర్ వేరు, డ్రైవర్ వేరు. ఫర్మ్‌వేర్ అంటే కార్డులోని చిన్న ప్రాసెసర్ మీద నడిచే ప్రోగ్రాం. డ్రైవర్ మన కంప్యూటర్ కెర్నల్‌లో నడుస్తుంది. డబ్ల్యూఎల్ డ్రైవర్ కాబట్టి అది పాత నాన్-ఫ్రీ విభాగంలోనే ఉండిపోయింది. ఇన్‌స్టాలర్ మీ సోర్సెస్ ఫైల్‌లో మెయిన్, నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అని రెండే రాస్తుంది. అందుకే ప్యాకేజీ దొరకడం లేదని మెసేజ్ వచ్చి ఉంటుంది. ఇంకొకటి, వీడియోలో చెప్పిన బీసీఎండబ్ల్యూఎల్-కెర్నల్-సోర్స్ ఉబుంటులో ఉండే ప్యాకేజీ పేరు. డెబియన్‌లో ఎంత వెతికినా ఆ పేరుతో దొరకదు.

ముందు శుభ్రం చేయండి. బీ43 ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్ వేసి ఉంటే ఆప్ట్ పర్జ్ చేసి తీసేయండి, అది మీ చిప్‌కు పనికిరాదు. తర్వాత ఈటీసీ కింద మాడ్‌ప్రోబ్ డాట్ డీ అనే ఫోల్డర్ తెరిచి చూడండి. మీరు చేత్తో రాసిన బ్లాక్‌లిస్ట్ ఫైళ్లు అందులో ఉంటాయి. అందులో డబ్ల్యూఎల్‌నే బ్లాక్‌లిస్ట్ చేసిన లైను ఉంటే సరైన డ్రైవర్ వేసినా అది లేవదు. బీ43 వాడే వాళ్లకు ఇచ్చే సలహాల్లో ఆ లైను తరచూ కనపడుతుంది, మీ చేత కూడా రాయించి ఉండొచ్చు. మీరు సృష్టించిన ఫైళ్లను మాత్రమే హోం ఫోల్డర్‌లోకి జరపండి. సిస్టం పెట్టినవి అలాగే ఉంచండి.

ఇప్పుడు ఫోన్ టెథరింగ్ పెట్టుకుని అసలు పని మొదలుపెట్టండి. రూట్ (అన్ని అధికారాలున్న యూజర్) అవ్వడానికి ఎస్‌యూ అని కొట్టి, ఖాళీ వదిలి, డాష్ కొట్టండి. ఆ డాష్ మర్చిపోవద్దు. డాష్ లేకుండా రూట్ అయితే యూఎస్‌ఆర్ ఎస్‌బిన్ అనే ఫోల్డర్ మీ పాత్‌లోకి (కమాండ్లు వెతికే ఫోల్డర్ల జాబితాలోకి) రాదు. మాడ్‌ప్రోబ్, ఆర్‌ఎఫ్‌కిల్ లాంటివి అక్కడే ఉంటాయి కాబట్టి కమాండ్ నాట్ ఫౌండ్ అని వస్తుంది. చాలామంది ఇక్కడే ఏదో ఇన్‌స్టాల్ కాలేదని బెంబేలెత్తిపోతారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్ పాస్‌వర్డ్ ఇచ్చారు కాబట్టే మీకు సూడో (రూట్ అధికారంతో నడిపే కమాండ్) పనిచేయడం లేదు, అది లోపం కాదు.

ఈటీసీ, ఆప్ట్ కింద ఉన్న సోర్సెస్ డాట్ లిస్ట్ ఫైల్ తెరవండి. మెయిన్ అని ఉన్న ప్రతి లైను చివర కాంట్రిబ్, నాన్-ఫ్రీ అనే రెండు మాటలు చేర్చండి. సేవ్ చేసి ఆప్ట్ అప్‌డేట్ కొట్టండి. తర్వాత రెండు ప్యాకేజీలు కలిపి వేయండి: లైనక్స్-హెడర్స్-ఏఎండీ64, బ్రాడ్‌కామ్-ఎస్‌టీఏ-డీకేఎంఎస్. మీది ఇంటెల్ ప్రాసెసర్ అయినా ఏఎండీ64 అనే పేరే, ఇంటెల్, ఏఎండీ 64 బిట్ ప్రాసెసర్లన్నిటికీ డెబియన్ వాడే పేరు అది. హెడర్స్ ఎందుకంటే, ఈ డ్రైవర్ తయారుగా రాదు. మీ కెర్నల్‌కు సరిపోయేలా మీ ల్యాప్‌టాప్‌లోనే కంపైల్ అవుతుంది (కోడ్ నుంచి తయారవుతుంది), ఆ పని చేసేది డీకేఎంఎస్. హెడర్స్ లేకపోతే ప్యాకేజీ వేసినట్టే కనిపిస్తుంది, లోపల మాడ్యూల్ మాత్రం తయారు కాదు. పూర్తయ్యాక డీకేఎంఎస్ స్టేటస్ అని కొట్టండి. బ్రాడ్‌కామ్-ఎస్‌టీఏ పక్కన మీ కెర్నల్ వెర్షన్, చివర ఇన్‌స్టాల్డ్ అని ఉండాలి. యాడెడ్ అని మాత్రమే ఉంటే కంపైల్ కాలేదన్నమాట.

ఇన్‌స్టాల్డ్ అని వచ్చాక, దారికి అడ్డంగా ఉన్న పాత మాడ్యూల్స్‌ను దింపాలి. మాడ్‌ప్రోబ్ డాష్ ఆర్ అని కొట్టి బీ44, బీ43, బీ43లెగసీ, ఎస్‌ఎస్‌బీ, బీఆర్‌సీఎంఎస్‌మ్యాక్, బీసీఎంఏ అనే పేర్లు వరసగా ఇవ్వండి. తర్వాత మాడ్‌ప్రోబ్ డబ్ల్యూఎల్ అని కొట్టండి. ఏ మెసేజ్ రాకుండా ప్రాంప్ట్ వచ్చేస్తే పని అయినట్టే. కొన్ని సెకన్లలో మెనూలో వైఫై గుర్తు రావాలి. తర్వాతి బూట్ నుంచి ఇదంతా దానంతట అదే జరుగుతుంది, బ్లాక్‌లిస్ట్ ఫైల్ ప్యాకేజీయే పెట్టుకుంటుంది.

మీ ల్యాప్‌టాప్ విండోస్ 8 కాలంది కాబట్టి ఇక్కడ ఇంకో గోడ తగలొచ్చు. మాడ్‌ప్రోబ్ డబ్ల్యూఎల్ అన్నప్పుడు కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్ అని వస్తే, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందని అర్థం. తాను నమ్మే సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నల్ లోపలికి రానివ్వడం లేదు. సెక్యూర్ బూట్ ఆపేయమని చాలామంది చెబుతారు. మీకు డ్యూయల్ బూట్ లేదు కాబట్టి ఆపినా నష్టం లేదు. కానీ బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే సదుపాయం) ఉన్న విండోస్ పక్కన ఉన్నవాళ్లు ఆపితే రికవరీ కీ అడుగుతుంది, అది దగ్గర లేకపోతే పెద్ద చిక్కు. అందుకే ఆపకుండా చేసే పద్ధతే నేను చెబుతాను.

డీకేఎంఎస్ తన సంతకం కీని తానే తయారు చేసుకుని వార్ లిబ్ డీకేఎంఎస్ ఫోల్డర్‌లో మాక్ (ఎం, ఓ, కే) డాట్ పబ్ అనే ఫైల్‌గా పెడుతుంది. మాక్‌యుటిల్ కమాండ్‌కు డాష్ డాష్ ఇంపోర్ట్ అని చెప్పి ఆ ఫైల్ దారి ఇవ్వండి. ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది, ఒక్కసారి వాడేదే కాబట్టి తేలికైనది పెట్టండి. రీబూట్ చేస్తే డెబియన్ రాకముందే నీలం రంగు స్క్రీన్ వస్తుంది. ఏదో ఒక కీ నొక్కమంటుంది, పది సెకన్లే ఆగుతుంది. అటు తిరిగి ఇటు చూసేలోపు దాటిపోతే మళ్లీ మొదటినుంచి ఇంపోర్ట్ చేయాలి. కాబట్టి రీబూట్ కొట్టాక కీబోర్డు మీదే చెయ్యి ఉంచండి. ఎన్‌రోల్ మాక్, కంటిన్యూ, యస్, తర్వాత ఆ పాస్‌వర్డ్, ఆఖరున రీబూట్. ఇక్కడ కీబోర్డు యూఎస్ లేఅవుట్‌లో ఉంటుంది, ప్రత్యేక గుర్తులున్న పాస్‌వర్డ్ పెడితే తప్పు పడొచ్చు.

ఇంటెల్, రియల్‌టెక్ కార్డులున్న వాళ్లకు దారి ఇంకా సులువు. డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది, చాలావరకు ఫర్మ్‌వేర్ దగ్గరే ఆగిపోతుంది. డీమెస్‌జీ (కెర్నల్ మెసేజ్‌లు చూపే కమాండ్) అవుట్‌పుట్‌లో ఫర్మ్‌వేర్ అనే మాట వెతకండి. ఫెయిల్డ్ టు లోడ్ అని, ఒక ఫైల్ పేరు, పక్కన మైనస్ 2 అని ఉంటే ఆ ఫైల్ డిస్క్ మీద లేదని అర్థం. ఇంటెల్‌కు ఫర్మ్‌వేర్-ఐడబ్ల్యూఎల్‌వైఫై, రియల్‌టెక్‌కు ఫర్మ్‌వేర్-రియల్‌టెక్ ప్యాకేజీ వేసి రీబూట్ చేస్తే సరిపోతుంది. ఇంటెల్ వాళ్లకు ఒక మాట: డ్రైవర్ కొత్త వెర్షన్ ఫైల్ నుంచి మొదలుపెట్టి ఒక్కో అంకె తగ్గిస్తూ వెతుకుతుంది. అందుకే మైనస్ 2 లైన్లు నాలుగైదు వచ్చి, కింద లోడెడ్ ఫర్మ్‌వేర్ వెర్షన్ అని ఉంటే అంతా బాగానే ఉన్నట్టు. పైన ఎర్ర అక్షరాలు చూసి కంగారు పడొద్దు.

కార్డు మరీ కొత్తదైతే కెర్నల్ వెర్షన్ చూసుకోవాలి. ఇంటెల్ ఏఎక్స్210కి 5.10, మీడియాటెక్ ఎంటీ7921కి 5.12, రియల్‌టెక్ ఆర్‌టీఎల్8852బీఈకి 6.2 నుంచి సపోర్ట్ ఉంది. డెబియన్ 12 కెర్నల్ 6.1 కాబట్టి ఆ చివరిది ఉన్నవాళ్లు బ్యాక్‌పోర్ట్స్ (ఉన్న డెబియన్ కోసమే తెచ్చిన కొత్త) కెర్నల్ వేసుకోవాలి. మీరు మాత్రం ఆ పని చేయకండి. పాత డబ్ల్యూఎల్ డ్రైవర్ కొత్త కెర్నల్ మీద కంపైల్ కాకపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

రియల్‌టెక్‌లో ఆర్‌టీఎల్8723బీఈ, ఐడీ 10ఈసీ:బీ723 గురించి విడిగా చెప్పాలి. రూటర్ పక్కన కూర్చుంటే నెట్ వస్తుంది, పక్క గదిలోకి వెళితే పోతుంది. కారణం ఏమిటంటే కార్డుకు యాంటెనా బిగించే చోట్లు రెండు ఉంటాయి, కొన్ని ల్యాప్‌టాప్‌లలో వైరు ఒకదానికే బిగించి ఉంటుంది, డ్రైవర్ రెండోదాన్ని వింటూ కూర్చుంటుంది. మాడ్‌ప్రోబ్ డాట్ డీ ఫోల్డర్‌లో ఒక ఫైల్ పెట్టి, ఆప్షన్స్ ఆర్‌టీఎల్8723బీఈ అని రాసి, యాంట్ అండర్‌స్కోర్ సెల్ ఈక్వల్స్ 2 అని పెడితే సిగ్నల్ ఒక్కసారిగా పెరుగుతుంది. 2తో రాకపోతే 1 పెట్టి చూడండి. ఆ ఒక్క అంకె తెలియక కార్డులు మార్చేసిన వాళ్లు ఉన్నారు.

మళ్లీ మీ దగ్గరికి వద్దాం. గుర్తు వచ్చాక కూడా వైఫై ఆన్ కాకపోతే ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ కొట్టండి. సాఫ్ట్ బ్లాక్డ్ యస్ అని ఉంటే ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై అంటే తీరిపోతుంది. హార్డ్ బ్లాక్డ్ యస్ అంటే ఏ కమాండూ దాన్ని తీయలేదు. పాత ల్యాప్‌టాప్‌ల ముందు అంచున చిన్న జారుడు స్విచ్చి ఉంటుంది, లేదా ఎఫ్ఎన్‌తో కలిపి నొక్కే యాంటెనా బొమ్మ కీ ఉంటుంది. అక్కడ చూడండి.

తర్వాత ఎన్‌ఎంసీఎల్‌ఐ డివైస్ స్టేటస్. మీ కార్డు డబ్ల్యూఎల్‌పీ2ఎస్0 లాంటి పేరుతో కనపడుతుంది. డబ్ల్యూఎల్ అంటే వైర్‌లెస్, పీ2 అంటే పీసీఐ బస్సు 2, ఎస్0 అంటే స్లాట్ 0. పాత పుస్తకాల్లో ఉండే డబ్ల్యూలాన్0 బదులు 2013 నుంచి సిస్టమ్‌డీ ఇలా పేరు పెడుతోంది. పక్కన అన్‌మేనేజ్డ్ అని ఉంటే ఇది డెబియన్‌కు ప్రత్యేకమైన చిక్కు. ఈటీసీ, నెట్‌వర్క్ ఫోల్డర్‌లో ఇంటర్‌ఫేసెస్ అనే ఫైల్‌లో ఏ కార్డు పేరు రాసి ఉంటే దాన్ని నెట్‌వర్క్‌మేనేజర్ ముట్టుకోదు, ఎవరో చేత్తో చూసుకుంటున్నారని వదిలేస్తుంది. ఇన్‌స్టాల్ సమయంలోనో, మీరు చూసిన వీడియో వల్లో అక్కడ లైన్లు చేరి ఉండొచ్చు. ఎల్, ఓ అనే రెండక్షరాల పేరున్న లూప్‌బ్యాక్ (కంప్యూటర్ తనతో తాను మాట్లాడుకునే) లైన్లు ఉంచి, మీ కార్డు పేరున్న లైన్ల ముందు హాష్ గుర్తు పెట్టి, నెట్‌వర్క్‌మేనేజర్ సర్వీస్ రీస్టార్ట్ చేయండి. ఒక కార్డుకు యజమాని ఒకరే ఉండాలి. ఇంటర్‌ఫేసెస్ ఫైల్, నెట్‌వర్క్‌మేనేజర్, సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ, ఈ మూడూ ఒకే కార్డు మీద చేయి వేస్తే కనెక్షన్ వచ్చిపోతూ ఉంటుంది, కారణం ఎప్పటికీ అంతుపట్టదు.

ఇక కనెక్ట్ అవడానికి గ్రాఫిక్ మెనూ చాలు. అది మొరాయిస్తే టెర్మినల్‌లో ఎన్‌ఎంటీయూఐ అని కొట్టండి. నీలం తెర మీద జాబితా వస్తుంది, బాణం కీలతో ఎంచుకోవచ్చు.

ఆ జాబితాలో మీ ఇంటి రూటర్ పేర్లలో ఒకటే కనపడితే అది లోపం కాదు. బీసీఎం43142కి 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే తెలుసు, 5 గిగాహెర్ట్జ్ రేడియో అందులో లేదు. ఫైబర్ కనెక్షన్ ఇచ్చే రూటర్లు రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టినా, చివర 5జీ అని వేరే పేరు పెట్టినా మీకు దొరికేది 2.4 మాత్రమే. రూటర్‌లో 2.4 బ్యాండ్ ఆపేసి ఉంటే మీకు ఏమీ కనపడదు. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 మాత్రమే అని పెట్టి ఉంటే పేరు కనపడుతుంది కానీ పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా ఒప్పుకోదు, ఎందుకంటే ఈ పాత డ్రైవర్‌కు డబ్ల్యూపీఏ3 రాదు. రూటర్ సెట్టింగ్స్‌లో డబ్ల్యూపీఏ2 లేదా రెండూ కలిసిన మోడ్ పెట్టండి. ఛానల్ కూడా 1, 6, 11లలో ఒకటి పెడితే మంచిది. 12, 13 ఛానళ్లను కొన్ని కార్డులు దేశం సెట్టింగ్ తెలియనప్పుడు సరిగ్గా వినవు.

కనెక్ట్ అయ్యాక పరీక్షించే ముందు ఫోన్ కేబుల్ పీకేయండి. యూఎస్‌బీ టెథరింగ్‌ను నెట్‌వర్క్‌మేనేజర్ ఈథర్‌నెట్ కింద లెక్కేసి మెట్రిక్ 100 ఇస్తుంది, వైఫైకి 600 ఇస్తుంది. తక్కువ అంకె ఉన్న దారికే ప్రాధాన్యం. కేబుల్ ఉన్నంతసేపు మీ డేటా అంతా ఫోన్ నుంచే పోతూ ఉంటుంది, వైఫై పనిచేస్తోందని మీరు సంతోషపడుతూ ఉంటారు, సాయంత్రానికి మొబైల్ డేటా అయిపోతుంది. ఐపీ రూట్ అని కొడితే డిఫాల్ట్ అనే మాటతో మొదలయ్యే లైన్లలో ఏది ఏ దారో కనపడుతుంది.

కనెక్టెడ్ అంటోంది కానీ పేజీలు తెరుచుకోవడం లేదంటే, ముందు గూగుల్ సర్వర్ అయిన 8.8.8.8కి పింగ్ కొట్టండి. జవాబులు వస్తూ, వెబ్‌సైట్ పేరుకు పింగ్ కొడితే రాకపోతే సమస్య డీఎన్‌ఎస్‌లో (పేర్లను అడ్రస్‌లుగా మార్చే చోట) ఉంది, కార్డు జోలికి వెళ్లకండి. అంకెలకూ జవాబు రాకపోతే ఐపీ అడ్రస్ వచ్చిందో లేదో చూడండి. 169.254తో మొదలయ్యే అడ్రస్ ఉంటే రూటర్ మీకు అడ్రస్ ఇవ్వలేదని అర్థం.

బాగా నడిచి, కాసేపు వదిలేస్తే తెగిపోతుంటే పవర్ సేవింగ్‌ను అనుమానించండి. ఐడబ్ల్యూ డెవ్, మీ కార్డు పేరు, సెట్ పవర్ అండర్‌స్కోర్ సేవ్ ఆఫ్ అని కొట్టి ఒక పూట వాడండి. తెగడం ఆగిందంటే శాశ్వతంగా చేయొచ్చు. ఈటీసీ, నెట్‌వర్క్‌మేనేజర్, కాన్ఫ్ డాట్ డీ కింద ఒక ఫైల్ పెట్టి, కనెక్షన్ అనే విభాగంలో వైఫై డాట్ పవర్‌సేవ్ ఈక్వల్స్ 2 అని రాయండి. 2 అంటే ఆపు, 3 అంటే నడుపు. ఈ అంకెలను తిరగేసి రాసిన సలహాలు కనిపిస్తుంటాయి, జాగ్రత్త. బ్యాటరీ కాస్త ఎక్కువ ఖర్చవుతుంది, కానీ ఆన్‌లైన్ ఇంటర్వ్యూ మధ్యలో తెగిపోవడం కన్నా అది నయం.

డబ్ల్యూఎల్ వాడినంతకాలం ఒక జాగ్రత్త పాటించాలి. కెర్నల్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ, రీబూట్ చేసేముందు డీకేఎంఎస్ స్టేటస్ చూసి కొత్త కెర్నల్‌కు కూడా ఇన్‌స్టాల్డ్ అని ఉందో లేదో చూసుకోండి. లేకపోతే బూట్ మొదట్లో వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్‌తో బూట్ అవ్వండి, వైఫై ఉంటుంది. పాత కెర్నల్‌ను వెంటనే తీసేయవద్దు.

ఈ తలనొప్పి శాశ్వతంగా వదిలించుకోవాలనుకుంటే కార్డు మార్చొచ్చు, తప్పనిసరి కాదు. మీ కాలం ల్యాప్‌టాప్‌లలో కార్డు స్లాట్ రెండు రకాలు: హాఫ్ మినీ పీసీఐఈ ఒకటి, ఎం.2 ఇంకొకటి. వెనక మూత తీసి చూశాకే కొనండి. రెండిటి యాంటెనా బొడిపెల సైజు కూడా వేరు, మినీ కార్డు వైర్లు ఎం.2 కార్డుకు పట్టవు. హాఫ్ మినీ అయితే ఇంటెల్ 7260 మంచిది, 5 గిగాహెర్ట్జ్ కూడా వస్తుంది. ఎథిరాస్ ఏఆర్9485 లాంటివి ఏటీహెచ్9కే డ్రైవర్‌తో నడుస్తాయి, వాటికి ఫర్మ్‌వేర్ ఫైలు కూడా అక్కర్లేదు. ఎం.2 స్లాట్ ఉండి ఇంటెల్ కొత్తది చూస్తే ఏఎక్స్200, ఏఎక్స్210 తీసుకోండి. ఏఎక్స్201, ఏఎక్స్211 తీసుకోకండి. అవి చూడ్డానికి ఒకేలా ఉన్నా సగం పని ఇంటెల్ కొత్త చిప్‌సెట్ చేస్తేనే నడుస్తాయి, మీ పాత బోర్డులో కనపడవు కూడా. ఇంకో గండం ఉంది. ఆ కాలం హెచ్‌పీ, లెనోవో ల్యాప్‌టాప్‌లలో కొన్నిటి బయోస్ తన జాబితాలో లేని కార్డు పెడితే బూట్ అవనివ్వదు. మీ మోడల్‌కు ఆ నిబంధన ఉందేమో ముందే విచారించండి.

యూఎస్‌బీ డాంగిల్ కొనేటప్పుడు కూడా పెట్టె మీద మోడల్ కాదు, లోపలి చిప్ చూడాలి. టీపీ-లింక్ డబ్ల్యూఎన్722ఎన్ మొదటి వెర్షన్‌లో ఎథిరాస్ చిప్ ఉండేది, లైనక్స్‌లో హాయిగా నడిచేది. రెండో వెర్షన్ నుంచి రియల్‌టెక్ చిప్ వచ్చింది, పేరు మాత్రం మారలేదు. మీడియాటెక్ ఎంటీ7612యూ, ఎంటీ7610యూ చిప్‌లున్నవి అయితే డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది.

ఫ్రీబీఎస్‌డీ గురించి అడిగారు. ఎంతో మంచి సిస్టం, కానీ ఈ కార్డు కోసం అటు వెళ్లడం దండగ. బీసీఎం43142కి అక్కడ డ్రైవర్ లేదు. ఇంటెల్ కార్డు ఉన్నవాళ్లకు మాత్రం నేర్చుకోవడానికి బాగుంటుంది. అక్కడ కార్డుకు డ్రైవర్ పేరే పెడతారు. ఐడబ్ల్యూఎం0 అంటే ఐడబ్ల్యూఎం డ్రైవర్ పట్టుకున్న మొదటి కార్డు. దాని మీద డబ్ల్యూలాన్0 అని ఒకటి సృష్టించి ఆర్‌సీ డాట్ కాన్ఫ్ ఫైల్‌లో రెండు లైన్లు రాయాలి. ఓపెన్‌బీఎస్‌డీలో ఎఫ్‌డబ్ల్యూ అండర్‌స్కోర్ అప్‌డేట్ అనే ఒక్క కమాండ్ కావాల్సిన ఫర్మ్‌వేర్ తెచ్చిపెడుతుంది.

ఇదంతా చేశాక కూడా రాకపోతే మూడు విషయాలు పెట్టండి: ఎల్‌ఎస్‌పీసీఐలో నెట్‌వర్క్ కంట్రోలర్ భాగం మొత్తం, డీకేఎంఎస్ స్టేటస్, మాడ్‌ప్రోబ్ డబ్ల్యూఎల్ కొట్టినప్పుడు వచ్చిన మెసేజ్ అక్షరం పొల్లు పోకుండా. డీకేఎంఎస్‌లో కంపైల్ ఫెయిలైతే వార్ లిబ్ డీకేఎంఎస్ కింద బ్రాడ్‌కామ్-ఎస్‌టీఏ ఫోల్డర్‌లో మేక్ డాట్ లాగ్ ఫైల్ ఉంటుంది, దాని చివరి ముప్పై లైన్లు కూడా జతచేయండి. ఫోటో తీసి కాకుండా టెక్స్ట్‌గా పెట్టండి, వెతకడానికి వీలుగా ఉంటుంది.